ఒకే లోగోకి ఇన్ని ధరలెందుకు? గ్రాఫిక్ డిజైనర్ అమ్మేది అసలు ఏమిటి?

ఒకే లోగోకి ఇద్దరు డిజైనర్లను ధర అడిగి చూడండి. ఒకరు చెప్పినదానికి రెండోవారు చెప్పేది యాభై రెట్లు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇద్దరిలో ఎవరో మోసం చేస్తున్నారని అడిగినవాళ్లకు అనిపిస్తుంది. ఇప్పుడు వీటికి మూడో ధర కూడా తోడైంది. నాలుగు మాటలు టైప్ చేస్తే ఏఐ కొన్ని సెకన్లలో బొమ్మ గీసి పెడుతోంది, అదీ దాదాపు ఉచితంగా. అందుకే డిజైనర్ అవసరమేముందని క్లయింటూ, ఈ కోర్సులో చేరి లాభమేమిటని విద్యార్థీ ఒకేసారి అడుగుతున్నారు.

రెండు ప్రశ్నల్లోనూ చిక్కుముడి ఒక్కచోటే ఉంది. డిజైన్ పేరుతో మూడు వేర్వేరు సరుకులు చేతులు మారుతుంటాయి: చేతిపని, నిర్ణయం, హక్కు. బిల్లులో మాత్రం వీటన్నిటికీ కలిపి ఒక్క వరుసే ఉంటుంది. ధర దగ్గర, కరెక్షన్ల దగ్గర, లోగో ఎవరిదన్న దగ్గర వచ్చే తగాదాల్లో చాలావరకు ఈ మూడింటినీ విడదీసి చూస్తే తేలిపోతాయి. తేలనివీ కొన్ని ఉన్నాయి. వాటిని తేలినట్టు చూపించడం నాకిష్టం లేదు.

బొమ్మ కనిపిస్తుంది, నిర్ణయం కనిపించదు

గ్రాఫిక్ డిజైన్ అన్న పేరు వాడుకలోకి రావడానికి విలియం ఆడిసన్ డ్విగిన్స్ 1922లో రాసిన ఒక పత్రికా వ్యాసాన్ని కారణంగా చెబుతుంటారు. పని మాత్రం అంతకన్నా చాలా పాతది. కాగితం మీద ఏది పెద్దగా ఉండాలి, ఏది ముందు కంటపడాలి, ఏది అసలు ఉండకూడదు అని ఎవరో ఒకరు తేల్చాల్సిన అవసరం అచ్చు పుట్టినప్పటి నుంచీ ఉంది.

మందుల పెట్టెల మీది అక్షరాలను చూడండి. హైడ్రాక్సీజీన్ అనేది దురదకీ అలర్జీకీ ఇచ్చే మందు, హైడ్రాలజీన్ రక్తపోటుకి. ఇంగ్లిష్‌లో రాస్తే రెండు పేర్లకూ మొదటి నాలుగక్షరాలు ఒకటే, చివరి నాలుగూ ఒకటే. మధ్యలో మూడే మారతాయి. హడావిడిలో ఉన్న నర్సు అరలోంచి ఒకదానికి బదులు ఇంకొకటి తీసే ప్రమాదం ఉంది. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి జంట పేర్లు కొన్నింటిని ఎంచి, తేడా ఉన్న భాగాన్ని క్యాపిటల్ అక్షరాల్లో ముద్రించమని తయారీదార్లను కోరింది. కంప్యూటర్‌లో ఆ మార్పు చేయడానికి పట్టేది అర నిమిషం. ఎక్కడ మార్చాలి, ఎంతవరకు మార్చాలి, రంగు కూడా మార్చాలా అన్నది తేల్చడానికి మాత్రం మందుల గది ఎలా ఉంటుందో, కన్ను పదాన్ని ఎలా పట్టుకుంటుందో తెలియాలి. ఈ పద్ధతి వల్ల పొరపాట్లు నిజంగా ఎంత తగ్గాయన్న దానిపై పరిశోధకులంతా ఒకే మాట చెప్పడం లేదు. మంచి డిజైన్ నిర్ణయం కూడా ఒక అంచనాయే, వాడి చూస్తే తప్ప నిగ్గు తేలదు.

ఇంత గంభీరమైన ఉదాహరణలే అక్కర్లేదు. తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగు అక్షరాలు నాజూకుగా కనిపిస్తాయి. #999999 అనే బూడిద రంగుకీ తెలుపుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, 2.85కి 1. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో, ఏఏ అనే మధ్య స్థాయికి మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలి. #767676 దాకా ముదురు చేస్తే గట్టెక్కుతుంది. చూసేవారికి రెండు బూడిద రంగులూ ఇంచుమించు ఒకటే, చూపు మందగించిన పాఠకుడికి మాత్రం ఒకటి కనిపిస్తుంది, ఇంకొకటి కనిపించదు. అలాగే ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి పెట్టిన పంక్తుల మధ్య తెలుగు పోస్తే, పై పంక్తి వత్తు దిగివచ్చి కింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్‌కి అందులో తప్పేమీ కనబడదు. కన్నున్న మనిషి పట్టుకోవాలి.

ఫైల్ ఇచ్చారు సరే, ఏ ఫైల్?

చేతిపని అన్నానని అది చిన్నదేమీ కాదు. ఒక లోగో తయారయ్యాక క్లయింట్ చేతికి జేపీజీ ఒక్కటే వచ్చిందనుకుందాం. విజిటింగ్ కార్డు మీద ఆరు సెంటీమీటర్ల వెడల్పు, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన చేసిన ఫైల్ అది. అంటే మొత్తం వెడల్పు సుమారు 709 పిక్సెళ్లు. ఇప్పుడు దాన్నే ఆరు మీటర్ల బ్యానర్‌కి సాగదీస్తే ఒక్కో పిక్సెల్ ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల చదరపు ముక్క అవుతుంది. గుండ్రటి అంచు మెట్లుమెట్లుగా తేలుతుంది. అదే లోగో వెక్టర్ ఫైల్‌గా ఉంటే ఈ బెడద లేదు. అందులో పిక్సెళ్లుండవు, గీత ఎక్కడ మొదలై ఎంత వంపు తిరిగి ఎక్కడ ఆగాలో చెప్పే లెక్క మాత్రమే ఉంటుంది. బటన్ మీదైనా భవనం మీదైనా ఆ లెక్క ఒకటే.

రంగుల సంగతీ అంతే. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి చూపిస్తుంది. అచ్చు యంత్రం నాలుగు సిరాలతో పనిచేస్తుంది. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ నియాన్ రంగు ఆ నాలుగు సిరాలతో రాదు. కాగితం మీద చప్పగా వచ్చేసరికి తప్పంతా ప్రెస్‌వాళ్ల మీదికి పోతుంది. అనుభవం ఉన్న డిజైనర్ ఆ రంగును మొదటి రోజే పక్కన పెడతాడు. చేతిపనీ నిర్ణయమూ ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి గనకే ధర చెప్పడం అంత కష్టం.

గంటలు అమ్మాలా, ఫలితం అమ్మాలా?

ధర గురించి ఎక్కడ మాటొచ్చినా ముందు నైకీ కథే వస్తుంది. 1971లో కరొలిన్ డేవిడ్సన్ అనే డిజైన్ విద్యార్థిని, అప్పటికింకా చిన్నదైన ఆ బూట్ల కంపెనీకి టిక్కు మార్కులాంటి స్వూష్ గుర్తు గీసిచ్చింది. గంటకు 2 డాలర్లు, బిల్లు 35 డాలర్లు. అంటే పదిహేడున్నర గంటల పని. 1983లో కంపెనీ ఆమెను పిలిచి స్వూష్ ఆకారంలో వజ్రపుటుంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది.

దీన్ని అన్యాయానికి ఉదాహరణగా చెప్పేవాళ్లు చాలామంది. కోట్ల బూట్ల మీద ఎక్కిన గుర్తుకి 35 డాలర్లా అని వాళ్ల ప్రశ్న. రెండో వాదన కూడా వినదగ్గదే. 1971లో ఆ గీతకు విలువేమీ లేదు. విలువంతా ఆ తర్వాత దశాబ్దాలపాటు బూట్లు, ఆటగాళ్లు, ప్రకటనలు కలిసి పోసినది. ఆ కంపెనీ మరుసటి ఏడాదే మూతపడి ఉంటే 35 డాలర్లు డేవిడ్సన్‌కి దక్కిన లాభమే అయ్యేది. నాకైతే రెండు వాదనలూ సగం సగం నిజమనే అనిపిస్తుంది. ఆమె అమ్మింది గంటలు. కంపెనీకి దక్కింది గంటలతో పాటు ఒక నిర్ణయం, దాని మీద పూర్తి హక్కు కూడా.

పదిహేనేళ్ల తర్వాత, 1986లో, స్టీవ్ జాబ్స్ తన కంప్యూటర్ కంపెనీ నెక్స్ట్ లోగో కోసం పేరున్న డిజైనర్ పాల్ రాండ్ దగ్గరికి వెళ్లాడు. ధర లక్ష డాలర్లు. కొన్ని నమూనాలు చూపిస్తారా అని అడిగితే రాండ్ ఒప్పుకోలేదని జాబ్స్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. సమస్యకు ఒక పరిష్కారం ఇస్తాను, నచ్చితే వాడుకోండి, లేకపోతే మానెయ్యండి, డబ్బు మాత్రం ఇవ్వాలి అన్నది ఆయన షరతు. లోగోతో పాటు ఆ ఆకారం, ఆ కోణం, ఆ రంగులు ఎందుకో వివరించే పుస్తకాన్ని కూడా రాండ్ అచ్చు వేసి ఇచ్చాడు. అక్కడ అమ్ముడైంది దాదాపు పూర్తిగా నిర్ణయమే. ఐబీఎం, యూపీఎస్, ఏబీసీ లోగోలు గీసిన చెయ్యి కాబట్టి ఆ షరతు చెల్లింది. కొత్తవాళ్లు రాండ్‌లా మాట్లాడితే పని పోతుంది, అందులో సందేహం లేదు.

మూడో కథ అమెరికన్ డిజైనర్ పౌలా షేర్‌ది. 1998లో బ్యాంకు సంస్థ సిటీకార్ప్, బీమా సంస్థ ట్రావెలర్స్ విలీనమయ్యాయి. కొత్త సంస్థకి 'సిటీ' అనే పేరుతో లోగో గీసే పని ఆమెకొచ్చింది. ట్రావెలర్స్ గుర్తు ఎర్ర గొడుగు. సిటీ అన్న పేరులోని ఇంగ్లిష్ చిన్నబడి టి అక్షరం కింద వంపు చూస్తే గొడుగు పిడిలా ఉంటుంది. దాని పైన ఒక ఎర్రటి విల్లు గీస్తే గొడుగు పూర్తవుతుంది. ఆ బొమ్మను ఆమె తొలి సమావేశంలోనే ఒక నాప్‌కిన్ మీద గీసేసింది. క్షణాల్లో వచ్చిన దానికి అంత ఫీజా అన్నవాళ్లున్నారు. ఆ క్షణాల వెనక దశాబ్దాల అనుభవం ఉందని ఆమె జవాబు. తరచూ మర్చిపోయే సంగతి ఇంకొకటి ఉంది. గీయడానికి క్షణాలు పట్టినా, రెండు పెద్ద సంస్థల్లో ఇంతమంది అధికారుల చేత ఒప్పించడానికి, బ్రాంచీ బోర్డుల నుంచి కార్డుల దాకా అన్నిటి మీదా అమలు చేయడానికి పట్టిన కాలం చాలా ఎక్కువ. ఫీజులో అదీ ఉంది.

గంటల లెక్కలో ఒక తిరకాసు ఉంది. కొత్త డిజైనర్‌కి లోగో పనికి 20 గంటలు పట్టింది, గంటకు 2 చొప్పున 40 వచ్చాయి అనుకుందాం. అయిదేళ్ల తర్వాత అదే పని ఇంకా బాగా 8 గంటల్లో చేస్తున్నాడు. పాత రేటులోనే ఉంటే చేతికొచ్చేది 16. నైపుణ్యం పెరిగినందుకు ఆదాయం సగానికన్నా తక్కువకి పడిపోయింది. 40 నిలవాలంటే గంటకు 5 అడగాలి. క్లయింట్ కంటికి మాత్రం పక్కవాళ్ల 2 పక్కన ఈ 5 అన్యాయంగా కనబడుతుంది. అందుకే అనుభవం వచ్చేకొద్దీ చాలామంది పని మొత్తానికి ఒకే ధర చెప్పే పద్ధతికి మారతారు. ఆ పద్ధతికీ ఒక చిక్కుంది. హద్దులు రాసుకోకపోతే "ఇంకొక్క చిన్న మార్పు" అంటూ పని సాగుతూనే ఉంటుంది. ఎన్ని నమూనాలు, ఎన్ని విడతల కరెక్షన్లు, మధ్యలో పని ఆగిపోతే ఎంత ఇవ్వాలి అన్నవి ముందే కాగితం మీద ఉంటే ఒకే ధర నిలబడుతుంది.

క్లయింట్‌కి కలిగే లాభాన్ని బట్టి ధర చెప్పాలన్నది మూడో పద్ధతి. వీధి చివరి దుకాణానికి గీసిన లోగో తప్పితే నష్టం బోర్డు ఖర్చంత. ప్రపంచమంతా అమ్ముడయ్యే సరుకుకి తప్పితే నష్టం ఊహకందదు. 2009లో ట్రాపికానా తన పళ్లరసం డబ్బా మీద నారింజపండు తీసేసి కొత్త డిజైన్ పెట్టింది. కొనేవాళ్లు గుర్తుపట్టలేకపోయారు, అమ్మకాలు పడిపోయాయి. రెండు నెలలైనా తిరగకుండానే పాత డబ్బాకి వెళ్లిపోయింది. ఇంత పందెం ఉన్నచోట డిజైనర్ ధర కూడా దాన్ని బట్టే ఉండాలన్నది ఈ పద్ధతి సమర్థకుల మాట. లాభానికి కారణం డిజైనా, సరుకా, ప్రకటనా అని విడదీసి కొలవడం ఎవరి తరమూ కాదన్నది వ్యతిరేకుల మాట. పైగా క్లయింట్ లాభనష్టాల లెక్కలు డిజైనర్‌కి చూపించేంత నమ్మకం కుదరడమూ అరుదే.

స్వతంత్రంగా పనిచేసేవారి రేటు ఎందుకంత ఎక్కువ?

ఉద్యోగంలో ఉన్న డిజైనర్ రోజు జీతంతో ఫ్రీలాన్సర్ రోజు రేటును పోల్చి కళ్లు తేలేయడం మామూలే. ఊహించుకున్న అంకెలతో లెక్క వేసి చూద్దాం. ఉద్యోగి జీతం నెలకు 100 వంతులు, ఏడాదికి 1,200. వారానికి అయిదు రోజుల చొప్పున ఏడాదికి 260 పనిదినాలు. సెలవుల్లోనూ జీతం వస్తుంది కాబట్టి రోజుకు సుమారు 4.6.

ఇప్పుడు అదే 1,200 ఇంటికి తీసుకెళ్లాలనుకున్న ఫ్రీలాన్సర్. సెలవులు, జ్వరాలు, పండగలకు 40 రోజులు తీసేస్తే మిగిలేది 220. ఇందులో అన్ని రోజులకూ బిల్లు వేయలేడు. కొత్త పని వెతకడం, కొటేషన్లు పంపడం, రావాల్సిన డబ్బు కోసం మెయిల్ మీద మెయిల్ పెట్టడం, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం, వీటికి ఎవరూ డబ్బివ్వరు. పదింట ఆరు రోజులే బిల్లుకొచ్చాయనుకుంటే 132 రోజులు. కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ చందాలు, బీమా, లెక్కలు చూసేవారి ఫీజు కలిపి ఏడాదికి 300. పని లేని నెలల కోసం 150 పక్కన పెట్టాలి. మొత్తం 1,650. దాన్ని 132తో భాగిస్తే రోజుకు 12.5. ఉద్యోగి రోజు జీతానికి రెండున్నర రెట్ల పైమాటే. అంత అడిగాక కూడా అతను ఉద్యోగితో సమానంగా ఉన్నాడంతే.

కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి దిగినవాళ్లు నెల జీతాన్ని ముప్పైతో భాగించి రేటు చెప్పడం తరచూ చూస్తుంటాం. మొదటి ఆరు నెలలు పని బోలెడు దొరుకుతుంది, చేతిలో మాత్రం ఏమీ మిగలదు.

డబ్బిచ్చాం కదా, ఇక లోగో మాదేనా?

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు సాధారణంగా సంస్థదే. ఫ్రీలాన్సర్ విషయం వేరు. చాలా దేశాల్లో డబ్బు చెల్లించినంత మాత్రాన కాపీరైట్ తనంతట తాను చేతులు మారదు. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం హక్కు బదిలీకి సంతకంతో కూడిన రాతపత్రం కావాలి. అమెరికాలో పని చేయించుకున్నవారినే హక్కుదారుగా చూసే "వర్క్ మేడ్ ఫర్ హైర్" అనే నిబంధన ఉన్నా, బయటివాళ్లతో చేయించుకున్న పనికి అది తొమ్మిది నిర్దిష్ట రకాల విషయంలోనే వర్తిస్తుంది. విడిగా గీయించుకున్న లోగో సాధారణంగా వాటిలోకి రాదు, కాబట్టి రాతపూర్వక బదిలీయే దిక్కు. భారత చట్టంలో బదిలీ పత్రం రాసుకున్నా కాలం ఎంతో చెప్పకపోతే అయిదేళ్లు, ప్రాంతం చెప్పకపోతే దేశం వరకే అని లెక్క. జర్మనీలో అయితే కాపీరైట్‌ను అసలు బదిలీ చేయడానికే వీల్లేదు, వాడుకునే హక్కులు మాత్రమే ఇవ్వవచ్చు.

అంటే కాగితం లేకపోతే క్లయింట్ లోగో వాడుకోలేడనా? అలాగేం కాదు. డబ్బు తీసుకుని ఫైల్ ఇచ్చారంటే వాడుకోవడానికి అనుమతి ఇచ్చినట్టేనని కోర్టులు తరచూ భావిస్తాయి. అయితే ఆ అనుమతి ఎంతవరకు అన్న దగ్గర పేచీ మొదలవుతుంది. బోర్డు మీద పెట్టుకోవడానికి గీయించుకున్న బొమ్మను టీషర్టుల మీద వేసి అమ్మితే? ఇలాంటి ప్రశ్నలు రాకూడదనే ఇలస్ట్రేటర్లు హక్కును ముక్కలుగా అమ్ముతారు: ఏ మాధ్యమం, ఏ ప్రాంతం, ఎంత కాలం. ఒక పత్రిక సంచికలో ఒక్కసారి వేసుకోవడానికి ఒక ధర, అదే బొమ్మను అయిదేళ్లపాటు అన్ని దేశాల్లో సరుకు పెట్టెల మీద వాడుకోవడానికి వేరే ధర. చేతిపని ఒక్కటే, మారింది హక్కు. లోగోల విషయంలో మాత్రం మొత్తం హక్కు రాసిచ్చేయడమే మామూలు. తన గుర్తును ఇంకొకరి అనుమతితో వాడుకునే వ్యాపారాన్ని ఎవరూ కోరుకోరు.

ఇక్కడ ట్రేడ్‌మార్క్‌ను కాపీరైట్‌తో కలపకూడదు. కాపీరైట్ బొమ్మ గీసిన సృజనకు రక్షణ. ట్రేడ్‌మార్క్ ఆ గుర్తుకీ ఒక వ్యాపారానికీ జనం మనసులో ఉన్న ముడికి రక్షణ. ఇంకో చిన్న చిక్కు ఫాంట్లది. లోగోలో అక్షరాలను గీతలుగా మార్చి ఇస్తే సరిపోతుంది గానీ, క్లయింట్ ఆ ఫాంట్ ఫైల్ కూడా పంపమంటే డిజైనర్ దగ్గర ఉన్న లైసెన్స్ సాధారణంగా అందుకు ఒప్పుకోదు. వాళ్లు విడిగా కొనుక్కోవాలి. వెబ్‌సైట్‌లో వాడాలంటే చాలా ఫాంట్లకు వేరే లైసెన్స్. పిసినారితనంతో ఇవ్వట్లేదని అపార్థం చేసుకున్న క్లయింట్లు తక్కువేం కాదు.

కెరీర్ ఎదుగుదలలో మారేది ఏమిటి?

ఉద్యోగం, స్టూడియో, ఫ్రీలాన్స్ అని మూడు దారులు చెబుతారు. ఒకే కంపెనీ లోపల పనిచేసే డిజైనర్‌కి ఒక బ్రాండ్ లోతు తెలుస్తుంది, చేసిన నిర్ణయం రెండేళ్ల తర్వాత ఎలా పండిందో కళ్లారా చూస్తాడు. అదే రంగులు, అదే ఫాంట్లతో విసుగు కూడా వస్తుంది. స్టూడియోలో నెలకో కొత్త సమస్య, పక్కన కూర్చుని నేర్పే సీనియర్లు, వాటితో పాటు అర్ధరాత్రి గడువులు. ఫ్రీలాన్స్ లెక్క పైన చూశాం. చాలామంది జీవితంలో ఈ మూడూ ఏదో ఒక వరుసలో వస్తాయి.

హోదాల పేర్లు సంస్థను బట్టి మారినా దిశ ఒకటే. జూనియర్‌గా ఉన్నప్పుడు జీతం ఎక్కువగా చేతిపనికి వస్తుంది: ఫోటో కత్తిరించు, ఈ బ్యానర్‌ను పన్నెండు సైజుల్లోకి మార్చు. సీనియర్ అయ్యేసరికి ఏది చేయాలో తేల్చినందుకు వస్తుంది. ఆర్ట్ డైరెక్టర్, క్రియేటివ్ డైరెక్టర్ దగ్గర ఇతరుల నిర్ణయాలను సరిదిద్దినందుకు వస్తుంది. గీయడమంటే ప్రాణం పెట్టే మనిషి పదోన్నతి పొంది రోజంతా మీటింగుల్లో కూర్చోవాల్సిరావడం ఈ వృత్తిలో మామూలు విషాదమే. మనుషులను నడిపే బాధ్యత లేకుండానే హోదా పెంచే ఏర్పాటు కొన్ని టెక్నాలజీ సంస్థల్లో ఉంది.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు చూపించే పనుల కట్ట, పోర్ట్‌ఫోలియోను కూడా ఈ కళ్లతోనే చదువుతారు. ఇరవై అందమైన బొమ్మలు వరసగా పెడితే చేతిపని తెలుస్తుంది. మూడు పనులకు సమస్య ఏమిటి, ఏ నమూనాలు పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారు అని రాస్తే నిర్ణయం తెలుస్తుంది. టీమ్‌తో కలిసి చేసిన పనిలో తన వంతు ఎంతో రాయకపోవడం, ఊహించి చేసిన రీడిజైన్‌ను అసలు క్లయింట్ పనిలా చూపించడం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడతాయి. డిగ్రీ ఉందా లేదా అన్నది ఆ గదిలోకి అడుగుపెట్టేదాకానే పనికొస్తుంది.

ఉచిత నమూనాలు, పోటీలు: ఎవరి వాదన ఏమిటి?

ముందు డిజైన్ చేసి చూపించండి, నచ్చితే డబ్బిస్తాం అనే పద్ధతిని స్పెక్ వర్క్ అంటారు. 2008లో మొదలైన 99డిజైన్స్ లాంటి వేదికలు దీన్ని పోటీగా మార్చాయి. యాభై మంది గీస్తారు, ఒకరికి బహుమతి. అమెరికా డిజైనర్ల సంఘం ఏఐజీఏ లాంటివి దీన్ని చాలాకాలంగా నిరుత్సాహపరుస్తున్నాయి. ఓడిన నలభై తొమ్మిది మంది శ్రమ ఉచితంగా పోతుందన్నది ఒక కారణం. రెండోదే నాకు బలంగా అనిపిస్తుంది. బ్రీఫ్, అంటే క్లయింట్ రాసిచ్చే పని వివరం, చదివి బొమ్మ పంపే పోటీలో క్లయింట్‌ను ఎదురు ప్రశ్నలు వేసి సమస్యను తవ్వే అవకాశం చాలా తక్కువ. అంటే నిర్ణయం అనే సరుకు దాదాపు కొట్టివేత, మిగిలేది బొమ్మ.

ఎదుటివాళ్ల మాటా ఉంది. పరిచయాలు లేనివాళ్లకు, పెద్ద నగరాలకూ పెద్ద కాలేజీలకూ దూరంగా ఉన్నవాళ్లకు పోటీ ఒక తలుపు. అక్కడ ఎవరూ బయోడేటా అడగరు. చిన్న వ్యాపారికి స్టూడియో ఫీజు కట్టే స్తోమత ఎన్నడూ లేదు, కాబట్టి అతని పని వేరెవరి దగ్గర నుంచీ లాక్కున్నది కాదు. ఉచితంగా చేయడం అన్నిసార్లూ దోపిడీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. డిజైనర్ మిల్టన్ గ్లేజర్ 1970లలో న్యూయార్క్ కోసం గీసిన గుండె గుర్తు లోగోకి డబ్బు తీసుకోలేదు. అది ఆయన తన ఊరికి ఇష్టపడి ఇచ్చింది, ఎవరూ పోటీ పెట్టి రాబట్టుకున్నది కాదు.

ఏఐ ఏ సరుకును తింటోంది?

సాఫ్ట్‌వేర్ డిజైనర్లను ఎప్పుడూ చంపలేదు, ఇప్పుడూ చంపదు అని ధైర్యం చెప్పేవాళ్లు 1985ను చూపిస్తారు. 1984లో మాకింతోష్ కంప్యూటర్, మరుసటి ఏడాది లేజర్‌రైటర్ ప్రింటర్, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వచ్చాయి. అంతకు ముందు డిజైనర్ అక్షరాల సైజులు కాగితం మీద రాసి, అక్షరాలు కూర్చే టైప్‌సెట్టర్‌కి పంపేవాడు. వచ్చిన పట్టీలను కత్తిరించి అట్ట మీద మైనంతోనో జిగురుతోనో అంటించేవారు. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆ పనంతా ఒకే బల్ల మీదికి తెచ్చింది. డిజైనర్లు మిగిలారు, నిజమే. టైప్‌సెట్టింగ్ సంస్థలు, పేజీలు అంటించే పనివాళ్లు మాత్రం మిగల్లేదు. వాళ్ల పని డిజైనర్ నెత్తిన పడింది, దానికి ప్రత్యేకంగా ఫీజేమీ పెరగలేదు. కాబట్టి 1985 ధైర్యం చెప్పే కథ ఎంతో, హెచ్చరించే కథ కూడా అంతే.

2013లో వచ్చిన కాన్వా అనే ఆన్‌లైన్ డిజైన్ సాధనం ఆహ్వాన పత్రికలు, సోషల్ మీడియా పోస్టుల లాంటి చిన్న పనులను టెంప్లేట్లలోకి తీసుకుపోయింది. 2022లో మాటలిస్తే బొమ్మ గీసే ఏఐ సాధనాలు డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వరసగా జనం చేతికొచ్చాయి. ఇవి ముందుగా తింటున్నది చేతిపనినే. నేపథ్యం తీసేయడం, ఫోటో అంచులు పెంచడం, పని ఏ ధోరణిలో ఉండాలో తెలిపే మూడ్ బొమ్మలు పది రకాలు చూపించడం ఇప్పుడు నిమిషాల పని. నిర్ణయం తీసుకునేవాళ్లకు దీనివల్ల వేగం పెరిగిందని ఒక వర్గం సంతోషిస్తోంది. నమూనాలు తామరతంపరగా రావడంతో ఏది మంచిదో చెప్పే కన్నుకి గిరాకీ పెరుగుతుందని వాళ్ల ఆశ. ఫరవాలేదనిపించే బొమ్మ ఉచితంగా దొరికితే మంచి బొమ్మకి డబ్బిచ్చే క్లయింట్లే తగ్గుతారని రెండో వర్గం భయం. రెండూ ఒకేసారి, వేర్వేరు మార్కెట్లలో జరగవచ్చు.

నాకు తేలని ప్రశ్న వేరే ఉంది. జూనియర్లకు ఇచ్చే విసుగు పనే వాళ్ల బడి కూడా. ఒకే బ్యానర్‌ను పన్నెండు సైజుల్లోకి మారుస్తున్నప్పుడే ఏది కదిపితే అమరిక చెడుతుందో చేతికి తెలుస్తుంది. ఆ పని యంత్రానికి పోతే, రేపటి సీనియర్ ఎక్కడ తయారవుతాడు? నేరుగా నిర్ణయాల మీదే శిక్షణ ఇవ్వవచ్చని కొందరంటారు. వేల తప్పులు చేతితో చేయకుండా కన్ను కుదరదని ఇంకొందరు. తేలడానికి ఒక తరం పట్టే వాదన ఇది.

హక్కుల వైపు కొంత స్పష్టత వచ్చింది, అదీ దేశానికో తీరుగా. 2023లో అమెరికా కాపీరైట్ ఆఫీసు, మిడ్‌జర్నీ బొమ్మలతో చేసిన ఒక కామిక్ పుస్తకంలో కథ మాటలకూ అమరికకూ రక్షణ ఉంచి, బొమ్మలకు మాత్రం నిరాకరించింది. 2025 జనవరిలో విడుదల చేసిన నివేదికలో, ఇప్పుడున్న సాధనాలతో కేవలం ప్రాంప్ట్, అంటే ఏఐకి ఇచ్చే మాటల సూచన, రాసినంత మాత్రాన కర్తృత్వం రాదని చెప్పింది. బ్రిటన్ 1988 చట్టంలో మనిషి కర్త లేని కంప్యూటర్ సృష్టికి కూడా రక్షణనిచ్చే సెక్షన్ ఉంది, దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది అక్కడ చర్చకొచ్చింది.

అమెరికా లెక్క ప్రకారం ఒక సరుకు పెట్టెను తీసుకుందాం. పెట్టె మీద ఉన్న ఏనుగు బొమ్మను డిజైనర్ చేత్తో గీశాడు. వెనక అడవి దృశ్యం ఏఐ నుంచి వచ్చింది. అక్షరాలు, అంకెలు, బొమ్మలు ఎక్కడ ఉండాలో ఆయనే అమర్చాడు. ఏనుగు మీద కాపీరైట్ ఉంటుంది, హక్కుల పత్రం రాసుకుంటే అది క్లయింట్‌కి వెళ్తుంది. అమరికలో తగినంత సృజన ఉంటే దానికీ రక్షణ దొరకవచ్చు. కంపెనీ పేరునీ గుర్తునీ ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవచ్చు, గీసింది ఎవరన్నది అక్కడ అడ్డు కాదు. అడవిని మాత్రం పోటీ కంపెనీ కత్తిరించుకుని తన పెట్టె మీద పెట్టుకున్నా కాపీరైట్ పేరుతో ఆపడం కష్టం. అందుకే ఏ భాగం ఏఐదో రాసివ్వమని అడిగే వాక్యం డిజైన్ ఒప్పందాల్లోకి వచ్చి చేరుతోంది.